మిద్దె మీద మంద

సుబ్బన్న ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. గొర్రెలను మిద్దె ఎక్కించాలి, పది గంటలకు న్యూజిలాండ్ వాళ్ళకు ఫోన్‌లో చూపించాలి, భోజనాల వేళకు దింపేయాలి. ఉద్యోగం వస్తే రెండేళ్ళు అక్కడి గొర్రెల ఫారంలో పని. ఆ రెండేళ్ళూ భార్య అంజలి పుట్టింట్లో ఉండాలన్నది కూడా పథకంలో భాగమే. ఈ చివరి సంగతికి అంజలి అవుననలేదు, కాదనలేదు. రెండు రోజులుగా గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా తోముతోంది.

సుబ్బన్నకు త్రిపురాంతకంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. తాత గొర్రెలు కాశాడు. నాయన వాటిని అమ్మేశాడు. సుబ్బన్న మాత్రం గొర్రెను దగ్గరగా చూసింది కంచంలోనే. అయినా మార్కాపురంలో విదేశీ ఉద్యోగాలు చూసే ఏజెంటు ఆనంద్, అతని దరఖాస్తులో గొర్రెల పనిలో పదేళ్ళ అనుభవమని రాసేశాడు. సుబ్బన్న భయపడితే నవ్వాడు.

"గొర్రెల ఇంట్లో పుట్టినోడివి. అనుభవం నీ రక్తంలోనే ఉంటదన్నా. వాళ్ళేమన్నా రక్తపరీక్ష చేస్తారా ఏంది?"

వాళ్ళు రక్తపరీక్ష అడగలేదు. గొర్రెలను అదిలించి ఒక గేటు గుండా బయటికి పంపడం వీడియోలో చూపించమన్నారు.

అంజలి అన్న కాటమరాజుకు పక్క ఊళ్ళో పెద్ద మంద ఉంది. వీడియో కోసమని అడిగితే పాతిక గొర్రెలను తోలుకొచ్చి ఇంటి ముందు వదిలాడు. "సాయంత్రానికల్లా నా మందలో కలపాల బావా" అని చెప్పి, మిగతా గొర్రెలు ఒంటరిగా ఉన్నాయని బండెక్కి వెళ్ళిపోయాడు. చిక్కల్లా సిగ్నల్‌తోనే. సుబ్బన్న ఊళ్ళో వీడియో ఆగకుండా రావాలంటే మిద్దె మీదే నిలబడాలి. అంజలి పైన మేతకు నాలుగు సుబాబుల్ కొమ్మలు వేసింది. గొర్రెలు మెట్లెక్కి, పెళ్ళివారిలా వరసగా మిద్దె మీదికి చేరాయి. ఇదంతా ఇంత సులువా అనిపించింది సుబ్బన్నకు.

పక్కింటి ఆదిలక్ష్మమ్మ వాకిట్లోంచి తలెత్తి చూసింది. ఆ మిద్దె మీద ఒక మూల ఆమె మిరపకాయలు ఎండుతున్నాయి.

"ఏందిరా సుబ్బన్నా, మందను మిద్దెకు తోలినావు?"

ఇంటర్వ్యూ అని చెబితే దిష్టి తగులుతుందని సుబ్బన్న భయం. "వీసా పని మీద తెచ్చినాలే పెద్దమ్మా. నీ మిరపకాయల మీద పట్ట కప్పినా" అన్నాడు.

వీసా అంటే విదేశం పోవడమని ఆదిలక్ష్మమ్మకు తెలుసు. ఇంటికి గొర్రెలను ఎందుకు తెస్తారో అంతకన్నా బాగా తెలుసు. రెండూ కలిపి చూస్తే మొక్కు అని తేలింది. పాలకేంద్రం దగ్గర ఆమె ఒక్కరితోనే అంది, "సుబ్బన్నకు వీసా వచ్చిందంట, మొక్కు చెల్లిస్తాండాడు" అని. ఆ మాట టీ బంకు దగ్గరికి వెళ్ళేసరికి మొక్కు కాస్తా విందయింది. బస్టాపు దాకా వెళ్ళేసరికి మంద మొత్తం కోస్తున్నారు, ఊరందరికీ భోజనాలు.

పది గంటలకు ఫోన్ మోగింది. అంజలి ఫోన్ పట్టుకుంటే సుబ్బన్న గొర్రెల మధ్య నిలబడ్డాడు. తెరమీద టోపీ పెట్టుకున్న ఒక నెరసిన జుట్టు ఆవిడ, ఫారం యజమానురాలు. పక్కన చిన్న గడిలో ఆనంద్, మార్కాపురం ఆఫీసు నుంచి, మాటలు అటూ ఇటూ అందించడానికి.

మొదటి రెండు ప్రశ్నలూ పేరూ ఊరూ. మూడో ప్రశ్న వచ్చేలోపు సుబాబుల్ ఆకు అయిపోయింది. గొర్రెలు పట్ట కింద ఏముందో చూద్దామనుకున్నాయి. పట్ట లాగాయి, కాయలు తొక్కాయి, ఎర్రటి ఘాటు లేచింది. ముందు ఒక పొట్టేలు తుమ్మింది. తర్వాత మంద తుమ్మింది. సుబ్బన్న కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారసాగాయి.

అతను ఎందుకు ఏడుస్తున్నాడని ఆవిడ కంగారుగా అడిగింది.

"గొర్రెలంటే ప్రాణం మేడమ్" అన్నాడు ఆనంద్ తన ఇంగ్లీషులో. "వాటిని విడిచి రావాలంటే దుఃఖం ఆగడం లేదు."

"మరి గొర్రెల కళ్ళలో కూడా నీళ్ళేమిటి?"

"వాటికీ అంతే మేడమ్."

ఆవిడ టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకుంది.

అదే సమయానికి కింద ఆటో ఆగింది. టెంట్ హౌస్ యేసుదాసు దిగాడు, వెనక రెండు పెద్ద వంట గుండిగలు. తనకు కబురు రాలేదంటే పని వేరేవాళ్ళకు ఇచ్చేశారేమోనని పిలవకుండానే వచ్చాడు.

"అన్నా, గుండిగలు యాడ దించమంటావు?"

సుబ్బన్న ఫోన్‌లో మాట్లాడుతూనే చెయ్యి వెనక్కి విసిరాడు, పొమ్మని. ఇంటి వెనక దించమన్నాడనుకుని యేసుదాసు ఇంటి వెనకే దించి, పొయ్యికి రాళ్ళు వెతకసాగాడు. ఆ వెంటే క్యారియర్లతో జనం వచ్చారు. మాంసం దుకాణం మస్తాన్ కూడా కత్తులు గోనెసంచిలో చుట్టుకుని వచ్చి, మెట్ల దగ్గరే కూర్చుని నూరడం మొదలుపెట్టాడు.

ఒక పొట్టేలు పిట్టగోడ వైపు పరుగెత్తితే అంజలి చేతిలో ఫోన్ అటు తిరిగింది. ఆవిడకు కింద జనమంతా కనిపించారు. వాళ్ళెవరని అడిగింది.

"సాగనంపడానికి వచ్చారు మేడమ్" అన్నాడు ఆనంద్. వెంటనే తెలుగులోకి దిగాడు. "ఇక గేటు సంగతి చూపించన్నా, త్వరగా!"

గేటంటే మెట్ల తలుపే. సుబ్బన్న కండువా ఊపుతూ కోళ్ళను తోలినట్టు "హుష్, హుష్" అన్నాడు. గొర్రెలు తలుపు దాకా వెళ్ళి మెట్లను చూశాయి, కింద మస్తాన్‌ను చూశాయి, వెనక్కి తిరిగి మిరపకాయల్లోకే పోయాయి. సుబ్బన్న ఒకదాన్ని నడుం పట్టుకుని నెట్టాడు. అది అతన్ని నెట్టింది.

అప్పుడే వీధిలో మోటారు సైకిల్ ఆగింది. ఎవరో ఫోన్ చేసి చెప్పారు కాటమరాజుకు, "మీ బావ నీ గొర్రెలను ఊరికి పంచుతాండాడు" అని. అతను చేతికర్రతో మెట్లెక్కి వచ్చి సుబ్బన్న చొక్కా పట్టుకున్నాడు.

"వీడియో అని చెప్పి కోతలు పెట్టినావా? చెల్లెల్ని ఇచ్చినా, గొర్రెల్ని ఇచ్చినా, ఇంకేం కావాల బావా నీకు?"

"కోతలేంది బావా! ఎవరు చెప్పినారు? వదులు, అవతల మేడమ్ చూస్తాంది!"

"ఏ మేడమ్? గుండిగలు నేను చూసినా!"

ఈయనెవరని ఆవిడ అడిగింది. ఆనంద్ దగ్గర అబద్ధాలు అయిపోయాయి. "సిగ్నల్..." అని ఒక్క మాట అని తెర మీంచి తప్పుకున్నాడు.

కాటమరాజు కేకలకు గొర్రెలు బెదిరాయి. ఒకటి ముందుకాళ్ళు పిట్టగోడ మీద పెట్టింది. కింద జనం "పడతది, పడతది" అని అరిచారు. ఆ అరుపులకు మరో రెండు వచ్చి దాని పక్కన చేరాయి.

అంజలి ఫోన్ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో. వణకొద్దు." తర్వాత అన్నవైపు తిరిగింది. "అన్నా, అరవకుండా తలుపు కాడ నుంచి జరుగు." పిట్టగోడ మీంచి వంగి, "మస్తానన్నా, ఆ కత్తులు ఎత్తి అవతలికి పో. యేసుదాసన్నా, మెట్ల కాడ ఒక్క మనిషి ఉండకూడదు" అంది. ఆమె గొంతు పెంచింది కూడా లేదు. మస్తాన్ సంచి చుట్టుకుని లేచాడు.

ఆమె మందలోంచి ఒక గొర్రెపిల్లను ఎత్తుకుంది. తల్లికి వాసన చూపించింది. నాలుకతో ఏదో చిన్న శబ్దం చేస్తూ, వెనక్కి నడుస్తూ ఒక మెట్టు దిగింది. తల్లి గొర్రె అరిచింది, ఆలోచించింది, ముందు కాలు వేసింది. దాని వెనక ఇంకొకటి. పిట్టగోడ దగ్గరివి కూడా ఒంటరిగా మిగలడం ఇష్టంలేక వచ్చి వరసలో కలిశాయి. మంద మొత్తం అంజలి వెంట మెట్లు దిగి, వాకిలి దాటి, ఇంటి పక్క దొడ్లోకి వెళ్ళింది. సుబ్బన్న కళ్ళు మండుతున్నా ఫోన్ కదలనివ్వలేదు. మెట్ల చీకటిలో వెలుగు సరిచేసుకుంటూ, చివరి గొర్రె దాకా పట్టాడు. అది అతనికి తెలిసిన పని. వాకిట్లో సిగ్నల్ ఎలా నిలిచిందో మాత్రం అతనికీ తెలియదు.

ఈ పని ఎవరు నేర్పారని ఫోన్‌లోంచి ఆవిడ అడిగింది. అంజలి ఇంటర్మీడియట్ నాటి ఇంగ్లీషు వెతుక్కుంది.

"మై ఫాదర్, మేడమ్. ఫ్రమ్ స్మాల్ ఏజ్."

"మరి అతను?"

అంజలి మొగుడివైపు చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, చిరిగిన కాలరు, చొక్కా నిండా బొచ్చు.

"హీ ఈజ్ సెల్‌ఫోన్, మేడమ్."

ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత తెర ఆరిపోయింది. ఇక అయిపోయిందనుకుని సుబ్బన్న మెట్ల మీద కూలబడ్డాడు. జనం మాత్రం కదల్లేదు, క్యారియర్లు తెచ్చుకున్నారు కాబట్టి.

కాసేపటికి ఆనంద్ ఫోన్ చేశాడు. "అన్నా, ఉద్యోగం ఇచ్చినారు!"

సుబ్బన్న ఎగిరి లేచాడు.

"నీకు కాదన్నా. వదినకు. పాస్‌పోర్టు తీయించాల. భర్తగా నువ్వు కూడా వెంట పోయేదానికి పెట్టుకోవచ్చు. వీడియో బాగుందంట."

స్పీకర్‌లో ఆ మాట వాకిలంతా వినిపించింది. అంజలి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది.

"నువ్వేమంటావు?" అని అడిగింది.

"నేనేమంటా! నువ్వట్ల పోతే రెండేళ్ళు నేనొక్కణ్ణే ఎట్ల ఉండేది ఈడ?"

అన్నాక ఆ మాట సుబ్బన్నకే వినిపించింది. తల వంచుకున్నాడు. అంజలి లోపలికి వెళ్ళింది. తువ్వాలు తడిపి తెచ్చి, కళ్ళు తుడుచుకోమని ఇచ్చింది.

కాటమరాజు గొంతు సవరించుకున్నాడు. "నా చెల్లెలు విదేశం పోతాందంటే..." అంటూ దొడ్లోకి పోయి రెండు పొట్టేళ్ళను తానే పట్టుకొచ్చి మస్తాన్‌కు అప్పగించాడు. యేసుదాసు పొయ్యి వెలిగించాడు. తాను పొద్దున్నే చెప్పానని ఆదిలక్ష్మమ్మ అందరికీ గుర్తుచేసింది. మిరపకాయల సంగతి ఆమెకు భోజనమయ్యాక గానీ గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి, ఇద్దరూ విదేశం పోయేలోపే అలవాటైతే మంచిదని, అంజలి రోజూ అన్న మంద దగ్గరికీ సుబ్బన్న వంటింట్లోకీ వెళ్ళసాగారు. ఆ వారమంతా కడుపునిండా తిన్నది గొర్రెలు మాత్రమే.