మూడో కోన్ దగ్గర ఎవరో ఉన్నారు

లైసెన్స్ ఆఫీసు వెనుక, పార్కింగ్ పరీక్ష జరిగే చోట, మూడో కోన్ దగ్గర ఎవరో కంటికి కనబడకుండా కారును వెనక్కి లాగుతారన్నది టెక్సస్‌లోని ప్లేనో ఊరి తెలుగువారందరూ నమ్మే మాట.

ఇదివరకటి రెండు పరీక్షల్లో ఉష కారునూ అలాగే ఎవరో లాగారు. రెండుసార్లూ ఆమె హడలిపోయి తప్పు పెడల్ తొక్కింది. ఈ ఉదయం ఆఖరి అవకాశం. ఇదీ పోతే మళ్ళీ దరఖాస్తు నుంచి మొదలు. వర్క్ పర్మిట్ వచ్చాక దొరికిన తొలి ఉద్యోగంలో సోమవారం చేరాలి. అక్కడికి బస్సు లేదు.

ఆమె భర్త జితేందర్ శని ఆదివారాల్లో పిల్లలకు క్రికెట్ కోచ్. అతడు దయ్యాన్ని ఒప్పుకోడు, ఒత్తిడిని ఒప్పుకుంటాడు. పెద్ద ఆటగాళ్ళ పద్ధతి అంటూ రెండు వారాలుగా చెత్తడబ్బాల మధ్య ఆమె చేత కారు పెట్టిస్తూ, వెనక సీటులో కూర్చుని స్టేడియమంత గోల చేశాడు.

"ఏం యాద్ పెట్టుకోవాలె?" అని బయలుదేరేముందు అడిగాడు.

"ఊపిరి. స్టీరింగ్ మీద మూడుసార్లు తట్టడం. 'ఈ బంతి ఒక్కటే' అనుకోవడం. పక్కన ఎవరేమన్నా వినకపోవడం. బ్రేక్ మీద కాలు మెత్తగా. నేనేమన్నా నీ అండర్ టెన్ టీమా?"

"వాళ్ళే నయం, ఇంత సతాయించరు."

ధైర్యం చెప్పడానికి వచ్చిన స్నేహితురాలు అంకిత ఉన్న ధైర్యాన్నీ పోగొట్టింది. "నా టెస్ట్‌లో నా కాలు గ్యాస్ పెడల్ మీద లేనే లేదు ఉషా, ప్రామిస్! కార్ దానంతట అదే పోయింది."

రోడ్డు మీద నడపడం సాఫీగానే ముగిసింది. మిగిలింది పార్కింగ్. పొగమంచులో కోన్లు తలవంచుకున్న మనుషుల్లా నిలబడి ఉన్నాయి. పక్క సీటులో పరీక్షాధికారి, పొడవాటి మనిషి, మూడో కోన్ వంకే చూస్తున్నాడు.

ఉష ఊపిరి పీల్చి, మూడుసార్లు తట్టి, "ఈ బంతి ఒక్కటే" అని పైకే అనేసింది. గేరు రివర్స్ దాకా వెళ్ళకుండా న్యూట్రల్‌లోనే ఆగిపోయిన సంగతి ఆమెకు తెలియదు. బ్రేక్ వదిలింది. ఇంజన్ శబ్దం మారకుండానే కారు మెల్లగా వెనక్కి కదిలింది.

మళ్ళీ లాగుతున్నారు! అంతలో పక్కనుంచి సన్నని గొణుగుడు. వినకూడదు! లెక్క ప్రకారం స్టీరింగ్ తిప్పింది. గొణుగుడు హెచ్చింది, 'ఈ బంతి ఒక్కటే' అంటున్న ఆమె గొంతూ హెచ్చింది. కారు కోన్ల మధ్యకు జారింది. ఆమె మెత్తగా కాలు ఆనించింది. ఆగింది.

తిరిగి చూస్తే, మెడలోని శిలువను పట్టుకుని కళ్ళు మూసుకున్న అధికారి ప్రార్థిస్తున్నాడు.

"హూ వర్ యూ టాకింగ్ టు?" అన్నాడు కళ్ళు తెరిచి.

"మైసెల్ఫ్, సర్."

అతడు న్యూట్రల్‌లో ఉన్న గేరు వంక చూశాడు. ఆమె వంక చూశాడు. రెండో ప్రశ్న వేయలేదు. కాగితం మీద పాస్ అని రాసి, దాన్ని సీటు మీద పడేసి, కారు తలుపైనా మూయకుండా వెళ్ళిపోయాడు.

"చూసినవా, కోచింగ్ అంటే గిట్లుంటది!" అన్నాడు బయట ఎదురుచూస్తున్న జితేందర్, కాగితం చూసి.

"మీ కోచింగ్ కాదు అన్నయ్యా. ఈసారి దానికి ఉష నచ్చింది, అంతే" అంది అంకిత, కోన్ల వైపు చూడకుండా.

ఆ స్థలం మూడో కోన్ వైపు పది అడుగులకు మూడంగుళాలు వాలుగా ఉంది.