ఎమ్ నుంచి ఎన్ దాకా

"ఈ నెల ముప్ఫయ్యో తారీఖు సాయంత్రం అయిదు గంటల్లోగా మన ప్రభుత్వ బడుల్లో వెయ్యిమంది మేధావులు గుర్తించబడతారు" అని విద్యాశాఖ కార్యదర్శి డాక్టర్ ఉలీసెస్ బర్రాసా గారు రేడియోలో ప్రకటించారు. అయిదు దాటాక బయటపడే మేధావులకి ప్రభుత్వం బాధ్యత వహించదని కూడా స్పష్టం చేశారు. డాక్టరంటే సూది వేసే డాక్టరు కాదు. మా కొలంబియా తీరంలో టై కట్టుకుని కారు వెనక సీట్లో కూచునే ప్రతివారూ డాక్టరే.

పథకం పేరు "వెయ్యి మెదళ్ళు". నది ఒడ్డునున్న ప్వెర్తో మన్సో ఊరి బడికి ముగ్గురు మేధావులు వంతుకి వచ్చారు. ఆ ముగ్గుర్నీ వెతికి పట్టుకునే పని ఎలోయ్ పెర్తుస్ మాస్టారి మీద పడింది.

ఈ పనికి ఎలోయ్ అన్ని విధాలా తగినవాడు. రాజధానిలో నాలుగు గంటలు, అందులో గంట భోజనానికి పోగా మూడు గంటలు, శిక్షణ పొంది మేధావుల నిపుణుడిగా సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. పైగా ఒకప్పుడు ఆయనే మేధావి. ముప్ఫై అయిదేళ్ళ కిందట, ఇలాంటిదే ఇంకో పథకంలో, తొమ్మిదేళ్ళ ఎలోయ్‌ని ఊరి మేధావిగా ప్రకటించి, గవర్నరు స్వయంగా వచ్చి ఇరవై సంపుటాల విజ్ఞాన సర్వస్వం బహూకరించాడు. వేదిక మీద చేతికిచ్చింది ఒక్కటే, ఎమ్ అక్షరం నుంచి ఎన్ దాకా. మిగతా పంతొమ్మిదీ పడవలో వస్తున్నాయన్నారు. ఇంకా వస్తూనే ఉన్నాయి.

కాబట్టి మొజాంబిక్ ఎగుమతుల గురించి, నత్తల్లాంటి మొలస్కుల జీర్ణక్రియ గురించి ఎలోయ్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పక్కనున్న పెరూ గురించి అడిగితే దగ్గు వస్తుంది. యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ప్రశ్నలు అక్షరమాల మొత్తంలోంచీ ఇచ్చారు. అది తనమీద పగబట్టి చేసిన పనేనని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు. మూడోసారి ఎలాగో గట్టెక్కి, మళ్ళీ ఈ ఊరికే తిరిగొచ్చి, తను చదివిన బడిలోనే పిల్లలకి సలహాలు చెప్పే మాస్టారయ్యాడు. ఊళ్ళో మాత్రం పేరు పోలేదు. "ఏం జీనియస్సూ, వాన పడుతుందంటావా?" అని పడవవాళ్ళు కూడా పలకరిస్తారు. ఎమ్-ఎన్ సంపుటం ప్రస్తుతం ఆయన ఇంట్లో ఫ్రిజ్ కాలు కింద ఉంది.

శిక్షణలో ఒక టీచరమ్మ లేచి సందేహం అడిగింది.

"మా బడిలో మేధావులు నలుగురుంటే?"

"నాలుగోవాళ్ళని పక్క బడికి ఇవ్వండి."

"అసలెవరూ లేకపోతే?"

శిక్షకుడు ఆమెకేసి జాలిగా చూశాడు. "వెయ్యిమంది ఉన్నారని ప్రభుత్వం నిర్ణయించాక లేకపోవడమేంటి మేడమ్?"

మేధావిని పోల్చుకోవడానికి నలభై లక్షణాల పట్టిక ఇచ్చారు. పిల్ల ఎక్కువ ప్రశ్నలు వేస్తుందా? పాఠం మధ్యలో ఆవులిస్తుందా? పెద్దవాళ్ళతో వాదిస్తుందా? ఎలోయ్ బస్సులో వస్తూ తనమీద తనే ఆ పట్టిక ప్రయోగించుకుని చూశాడు. నలభైకి ఎనిమిది వచ్చాయి, అందులో మూడు ఆవులింతలవి. పట్టిక నమ్మదగినదేనని తేల్చుకున్నాడు.

బడికి వచ్చేసరికి హెడ్‌మిస్ట్రెస్ బెత్సబే మేడమ్ పని తేలిక చేసి పెట్టింది.

"ఇద్దరు దొరికారు మాస్టారూ. మేయర్ గారబ్బాయి, మా అక్క కూతురు. మూడోది మీ ఇష్టం."

"పరీక్ష పెట్టాలి కదా మేడమ్?"

"పెట్టండి, నేను వద్దన్నానా? ఫలితం మాత్రం మార్చకండి."

మూడోది ఎవరో ఎలోయ్‌కి ముందే తెలుసు. మరెల్విస్, పదేళ్ళ పిల్ల. మొన్న వరదలప్పుడు ఆ పిల్ల బడి వెనక గోడ మీద రోజుకో బొగ్గు గీత గీసి, "మాస్టారూ, నీళ్ళు గురువారం మధ్యాహ్నానికి క్లాసులోకి వస్తాయి" అంది. విపత్తుల శాఖ వాళ్ళు శనివారం అన్నారు, యంత్రాలు పెట్టి మరీ. ఎలోయ్ ఎందుకైనా మంచిదని రిజిస్టర్లు బీరువా మీదకెక్కించాడు. గురువారం పన్నెండున్నరకి నీళ్ళొచ్చాయి. గోడ పాడుచేసినందుకు మేడమ్ ఆ పిల్లని మూడు రోజులు ఇంటికి పంపేసింది. ఆ మూడు రోజులూ బడిలో మోకాలి లోతు నీళ్ళు, ఎవరూ రాలేదు, అది వేరే సంగతి.

రాజధాని యూనివర్సిటీలో శనివారాలు ఇలాంటి పిల్లలకి లెక్కల క్లాసు ఉంది. ప్రభుత్వం పంపితే పడవా, బస్సూ, భోజనమూ వాళ్ళే చూసుకుంటారు. ఎలోయ్‌కి కావలసింది అదొక్కటే. ఈ పిల్లకి బిరుదు వద్దు, ఫొటో వద్దు, క్లాసు చాలు. ఊళ్ళో ఒక జీనియస్సు ఉన్నాడు, రెండోవాళ్ళ అవసరం లేదు.

సంతకం కోసం మరెల్విస్ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాడు. తర్సీలా అవ్వ రేవు దగ్గర గుడ్డు పెట్టిన అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, వేయిస్తుంది. రెండేళ్ళ కిందట జారిపడి తుంటి విరిగింది. అప్పట్నించీ పొద్దున్నే ఇద్దరు పడవవాళ్ళు ఆమెని కుర్చీతో సహా మోసుకొచ్చి పొయ్యి దగ్గర దింపుతారు.

"చక్రాల కుర్చీకి అర్జీ పెట్టావు కదా అవ్వా, ఏమైంది?"

"ఏమవుతుంది బాబూ? నేను నడవలేనని నేనే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలట. వాళ్ళ ఆఫీసు రెండో అంతస్తులో." అవ్వ అరేపా తిరగేసింది. "పైకి ఎక్కితే నడవగలనని రాస్తారు, ఎక్కకపోతే రాలేదని రాస్తారు. నీకు చదువుంది గదా జీనియస్సూ, ఏం చెయ్యమంటావ్?"

ఎలోయ్ బాగా ఆలోచించి ఇంకో అరేపా అడిగాడు. ఎన్ దాటిన విషయాల్లో ఆయన సాధారణంగా చేసేది అదే.

మర్నాడు మరెల్విస్‌ని పక్కన కూచోబెట్టుకుని కంప్యూటర్లో పథకం దరఖాస్తు తెరిచాడు. మా ప్రభుత్వ భాషలో అమోఘమైన బుర్ర ఉన్న పిల్లని "ఎక్సెప్సియొనాల్" అంటారు, అసాధారణం అని. కాళ్ళు పడిపోయిన పిల్లనీ అదే మాట అంటారు. ఇద్దరూ మామూలు కాదు కాబట్టి ఇద్దరికీ ఒకటే గడి. అక్కడ "అవును" అని నొక్కగానే, అసాధారణానికి అందించవలసిన సహాయం ఏమిటో ఎంచుకోమని జాబితా వచ్చింది. ఒకటి, కళ్ళజోడు. రెండు, వినికిడి యంత్రం. మూడు, చేతికర్ర. నాలుగు, చక్రాల కుర్చీ. అయిదు, ఇతరములు.

ఎలోయ్ ఇతరములు నొక్కాడు. కంప్యూటర్ ఆయన్ని బయటికి తోసేసింది. మళ్ళీ లోపలికెళ్ళి నొక్కాడు. మళ్ళీ తోసేసింది. రాజధానిలోని సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు.

"మా దగ్గర ఒక అసాధారణమైన పిల్ల ఉందండీ. లెక్కల క్లాసు కావాలి."

"లిస్టులో ఉందా సార్?"

"లేదు."

"అయితే ఆ పిల్లకి అక్కర్లేదు సార్."

"అక్కరుందండీ! కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి..."

"మరి అసాధారణం ఎలా అయింది సార్?"

ఎలోయ్ ఫోన్ పెట్టేశాడు. ముగ్గురికీ కళ్ళజోళ్ళు పెట్టేస్తే కనీసం ఎవరికీ దెబ్బ తగలదనుకున్నాడు. మేయర్ కొడుక్కి ఒకటి నొక్కాడు, మేడమ్ అక్క కూతురికి ఒకటి నొక్కాడు, మరెల్విస్‌కీ ఒకటి నొక్కాడు. పంపించే ముందు చెమటకి తన కళ్ళజోడు మసకబారితే తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"నన్ను క్షమించమ్మా" అన్నాడు, తుడుచుకుంటూ. నిజంగానే ఏడుపొచ్చింది ఆయనకి.

"దేనికి మాస్టారూ?" అంది మరెల్విస్, తెరకేసి చూస్తూ.

పంపిణీ సభకి డాక్టర్ బర్రాసా గారు రెండు గంటలే ఆలస్యంగా వచ్చారు. బడి బ్యాండు అప్పటికే తనకొచ్చిన రెండు పాటలూ పదకొండుసార్లు వాయించేసింది. మేయర్ కొడుకు, మేడమ్ అక్క కూతురు మందపాటి కళ్ళజోళ్ళు పెట్టుకుని వేదికెక్కి, ఏమీ కనబడక ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు.

"చూడగానే మేధావులని తెలిసిపోతోంది" అన్నారు డాక్టర్ గారు తృప్తిగా.

తర్వాత మరెల్విస్ పేరు పిలిచారు. లారీలోంచి ఎర్ర రిబ్బను చుట్టిన చక్రాల కుర్చీ దింపారు. వరస వెనక నిలబడ్డ ఎలోయ్‌కి తన వేలి మీద కోపమొచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ తర్వాత ఈ ఊరికి ఇంకో మేధావి దొరికితే, ఆమెకి తను చేసిన ఉపకారం ఇది. చూపుడు వేలు సరిగా వాడటం కూడా రాదు తనకి.

డాక్టర్ గారు మైకు మీద చెయ్యి మూసి, మేడమ్ వైపు వంగారు.

"ఈ పిల్లకి కాళ్ళు?"

"ఉన్నాయి డాక్టర్."

"రెండూ?"

"రెండూ డాక్టర్."

"పనిచేస్తాయా?"

"ఇప్పుడే పరిగెత్తుకుంటూ వచ్చింది డాక్టర్."

నాయకుడికీ మామూలు మనిషికీ తేడా ఇలాంటి చోటే తెలుస్తుంది. డాక్టర్ గారు ఒక్క క్షణం ఆలోచించి మైకు మీంచి చెయ్యి తీశారు.

"సోదరులారా! ఇన్నాళ్ళూ ఈ దేశంలో మేధస్సు కాలినడకన తిరిగింది. ఇక తిరగదు. మేధస్సు కూచుంటుంది, ప్రభుత్వం తోస్తుంది!"

చప్పట్లు ఆగలేదు. డాక్టర్ గారు మరెల్విస్‌ని కుర్చీలో కూచోబెట్టి వేదిక ఈ చివర్నించి ఆ చివరికి తోశారు. టీవీ వాళ్ళు సరిగా పడలేదంటే ఇంకోసారి తోశారు. పిల్ల మాత్రం చక్రాలకేసి, బ్రేకులకేసి చాలా శ్రద్ధగా చూస్తూ కూచుంది.

మర్నాడు పొద్దున్నే ఎలోయ్ క్షమాపణ చెప్పడానికి రేవుకి వెళ్ళాడు. తర్సీలా అవ్వ చక్రాల కుర్చీలో కూచుని పొయ్యి దగ్గర్నించి పిండి గిన్నె దగ్గరికి, పిండి గిన్నె దగ్గర్నించి కాఫీ దగ్గరికి తనే దొర్లుకుంటూ పోతోంది. రిబ్బను కూడా ఇంకా విప్పలేదు.

"పక్కకి తప్పుకో జీనియస్సూ, కాలు తొక్కేస్తాను!" అని కేకేసింది.

మరెల్విస్ గుడ్లు పగలగొడుతోంది.

"అమ్మా, నేను తప్పు నొక్కాను" అన్నాడు ఎలోయ్ ఆ పిల్లతో. "ఒకటి నొక్కబోయి నాలుగు నొక్కినట్టున్నాను."

"మీరు ఒకటే నొక్కారు మాస్టారూ. కళ్ళజోడు తుడుచుకుంటున్నప్పుడు నేను నాలుగు నొక్కాను."

ఎలోయ్‌కి వేదిక మీద తొమ్మిదేళ్ళప్పుడు తను ఏం చేశాడో గుర్తొచ్చింది. పుస్తకం ఛాతీకి హత్తుకుని, మిగతా పంతొమ్మిదీ ఎప్పుడొస్తాయో అడగడానికి సిగ్గుపడ్డాడు. ఆ పిల్లని చూస్తే గర్వంగానూ ఉంది, తన ముప్ఫై అయిదేళ్ళూ తలుచుకుంటే అసూయగానూ ఉంది.

"మరి నీ లెక్కల సంగతి?"

"లిస్టులో లేవుగా." ఇంకో గుడ్డు పగలగొట్టింది. "మీ ఇంట్లో ఎమ్ పుస్తకం ఉందట కదా మాస్టారూ, నాకిస్తారా?"

"ఎందుకమ్మా?"

"మాథమెటిక్స్ ఎమ్‌లోనే ఉంటుంది కదా. నంబర్లు ఎన్‌లో ఉంటాయి."

ఎలోయ్ ఆ పుస్తకం అట్టనించి అట్టదాకా నాలుగుసార్లు చదివాడు. లెక్కలున్న అరవై పేజీలూ మాత్రం బొమ్మల్లేవని ప్రతిసారీ దాటేశాడు. ఇంటికెళ్ళి ఫ్రిజ్ ఎత్తి పుస్తకం లాగాడు. ఫ్రిజ్ కాలి గుంట అట్ట మీద లోతుగా పడింది, లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి.

రెండు వారాలకి రాజధాని నించి కాగితం వచ్చింది. "వెయ్యి మెదళ్ళు: ఫలితాల పరిశీలన". మొదటి భాగంలో మరెల్విస్ పేరు ఎదురుగా ఒకటే ప్రశ్న. "సహాయం అందిన తర్వాత విద్యార్థి అసాధారణత్వం తగ్గిందా? అవును / కాదు."

ఎలోయ్ ఆ కాగితం పట్టుకుని రేవుకి వెళ్ళాడు. మరెల్విస్ ఎమ్-ఎన్ సంపుటం అరేపా పళ్ళెం పక్కన తెరిచిపెట్టుకుని, మార్జిన్లో ఏదో తప్పు దిద్దుతోంది.

"'కాదు' అని పెట్టండి మాస్టారూ" అంది తలెత్తకుండానే. "ఈ రేవు రాళ్ళ మీద టైర్లు ఏడాది కూడా రావు, మళ్ళీ కుర్చీ కావాలి."

ఎలోయ్ "కాదు" పక్కన టిక్కు పెట్టాడు. కాగితం తిప్పితే వెనక రెండో భాగం ఉంది, "గత పథకాల లబ్ధిదారులు". ఊరి మొత్తానికి ఒకటే పేరు, కంప్యూటర్లో ముందే అచ్చయి వచ్చింది. ఎలోయ్ పెర్తుస్. వయసు తొమ్మిది. అందిన సహాయం, విజ్ఞాన సర్వస్వం, ఇరవై సంపుటాలు, సంపూర్ణం. అసాధారణత్వం తగ్గిందా?

ఎలోయ్ కళ్ళజోడు తుడుచుకుని, "అవును" పక్కన టిక్కు పెట్టి, బడికి తిరిగెళ్ళి, కింద ముద్ర స్పష్టంగా పడేలా గట్టిగా కొట్టాడు.