కర్చీఫ్‌కు సవరించిన అంచనా

మానవ నాగరికత అంచనాతో మొదలై, సవరించిన అంచనాతో ముందుకు సాగుతోంది. అశోక్‌నగర్‌లో ఎనభై కుర్చీల స్టడీ హాల్ నడిపే కరుణాకర్ ఈ మహాయాత్రలో కాస్త ఆలస్యంగా చేరారు.

ఆయన హాల్లో అప్పటిదాకా ఒకటే చట్టం. తెల్లారకముందే వచ్చి కుర్చీ మీద కర్చీఫ్ వేసినవాళ్లదే ఆ రోజుకు ఆ కుర్చీ. కర్చీఫ్‌ను ఎవరో జరిపారని రోజుకో గొడవ. ఈలోగా ఎదురు బిల్డింగ్‌లో ఇంకో హాల్ తెరిచారు. పిల్లలంతా అటు పోతారేమోనని కరుణాకర్‌కు బెంగ పట్టుకుంది. గ్రూప్-2 పరీక్షలోపు కుర్చీలు బుక్ చేసుకునే యాప్ తయారు చేసివ్వాలని హిమాయత్‌నగర్‌లోని ఒక కంపెనీతో మూడు లక్షలకు ఒప్పందం చేసుకున్నారు.

పద్నాలుగో క్లాజు ఇలా ఉంది: "అభివృద్ధి వ్యయము అంచనాను మించినచో ఉభయ పక్షములు సామరస్యముగా చర్చించుకొనవలెను." సామరస్యం అన్న మాట ఆయనకు తెగ నచ్చింది. (పదిహేనో క్లాజు ప్రకారం చర్చ కూడా అభివృద్ధే. అది ఆయన చదవలేదు.)

నెల తిరగకుండానే కంపెనీ వ్యయాధిక్య సామరస్యాధికారి అభిజిత్ వచ్చాడు.

"సార్, కర్చీఫ్ సంగతి మీరు ముందుగాల చెప్పలే. యాప్‌కు అది నేర్పాలంటే ఇంకో రెండు లక్షలైతది."

"యాప్ పెట్టేదే కర్చీఫ్‌లు బంద్ చేయనీకి గద తమ్మీ!"

"బంద్ చేయాలన్నా ముందు గుర్తుపట్టాలె గద సార్."

ఇందులో తప్పెక్కడుందో వెతకడానికి కరుణాకర్‌కు మూడు గంటలు పట్టింది. దొరకలేదు. ఆ మూడు గంటలు మాత్రం బిల్లులో దొరికాయి.

చేతిలో డబ్బు అయిపోయింది. నగదు లేనివారు వ్యయాన్ని కుర్చీల రూపంలో చెల్లించవచ్చని పదహారో క్లాజు దయతలచింది. పది కుర్చీల్లో పదిమంది కంపెనీ ఇంజనీర్లు ల్యాప్‌టాప్‌లతో కూర్చున్నారు. దాంతో పిల్లలకు మిగిలినవి డెబ్బై. యాప్‌లో ఖాళీలు ఎనభై అని ఉన్నదాన్ని డెబ్బై చేయాలి. ఆ మార్పుకు ఖర్చు. ఆ ఖర్చుకు మరో పది కుర్చీలు. అప్పుడు డెబ్బైని అరవై చేయాలి.

జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి, మూడేళ్లుగా కిటికీ పక్కన చదువుకుంటున్న స్వరూప ఒకరోజు ఆయన దగ్గరికొచ్చింది.

"పరీక్ష ఇంక ఇరవై దినాలే ఉందన్న. నా ఒక్క కుర్చీ ఉంచున్రి."

"నీ కుర్చీ ఎవ్వరికియ్య బిడ్డా," అన్నారు కరుణాకర్. మనస్ఫూర్తిగానే అన్నారు.

వారానికి యాప్ విడుదలైంది. స్వరూప మెట్ల దగ్గరే ఫోన్ తెరిచి చూసింది.

"ఎనభైకి ఎనభై నిండినయన్న."

ఇద్దరూ పైకి పరుగెత్తారు. హాల్లో అభిజిత్ తప్ప నరమానవుడు లేడు. ఇంజనీర్లందరూ చాయ్‌కి పోయారు. ఎనభై కుర్చీల మీద ఎనభై కర్చీఫ్‌లు ఉన్నాయి.

"యాప్ ఉండంగ మళ్ల ఇవేంది తమ్మీ?"

"యాప్‌ను నమ్ముకుంటే కుర్చీ పోతది సార్."

స్వరూప పుస్తకాలు సర్దుకుని ఎదురు బిల్డింగ్‌కి నడిచింది. కరుణాకర్‌కు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకోవడానికి కిటికీ పక్క కుర్చీ మీది కర్చీఫ్ అందుకున్నారు.

"సార్, అది తీస్తే బుకింగ్ క్యాన్సిల్ అయితది. క్యాన్సిల్ చేసుడు మన అంచనాల లేదు. జర కూసొని సామరస్యంగ మాట్లాడుకుందాం," అన్నాడు అభిజిత్.

కూర్చోవడానికి కుర్చీ లేనందున చర్చ నిలబడే జరిగింది. (నిలబడి చేసే చర్చకు రేటు వేరు.)