ట్యాంకు వెనక కూత

ఆదివారంలోగా మేడ మీది వాటా ఖాళీ చేయాలి. ఈలోపు పటమటలోనే మరో గది వెతుక్కోవాలి. ఆ శుక్రవారం పొద్దున మాణిక్యం అనుకున్నది అంతే. ఇంటాయన బసవపున్నయ్య ఆ వాటాను కోచింగ్ కాలేజీ హాస్టలుకి ఇస్తానని మాటిచ్చేశాడు. పదహారేళ్లుగా ఉంటున్న చోటు. వదిలి వెళ్లాలంటే ఆమెకు కాళ్లాడడం లేదు.

అది చాలదన్నట్టు మనవరాలు మనోజ్ఞ గొంతు పట్టేసి కూర్చుంది.

"అమ్మమ్మా, చిన్న గుడ్లగూబలు మన వీధిలో ఎన్నున్నాయో లెక్కపెట్టి కాలేజీలో ఇవ్వాలి. చీకటి పడే వేళ వాటిలా కూస్తే బదులు పలుకుతాయంట. నా గొంతేమో లేవట్లా. నువ్వు కూద్దూ!"

"నేనా? నలుగురూ వింటే ఏమనుకుంటారే?"

"ఎవరూ వినరులే. ఇప్పుడే ట్యాంకు వెనక్కెళ్లి ప్రాక్టీసు చెయ్యి."

ఫోన్లో కూత రెండుసార్లు విని, మాణిక్యం నీళ్ల ట్యాంకు వెనక నిలబడి అందుకుంది. "కిర్ర్... కిర్ర్... చివుక్ చివుక్!" మొదట సిగ్గేసింది. మూడోసారికి ముచ్చటేసింది. పదోసారికి ఆపబుద్ధి కాలేదు.

కింద పళ్లు తోముకుంటున్న బసవపున్నయ్య చేతిలో బ్రష్షు జారిపోయింది. గుడ్లగూబ రాత్రి కూస్తేనే ఇంటికి కీడు, పట్టపగలు కూస్తే ఇంకేమైనా ఉందా! సిద్ధాంతికి ఫోను చేస్తే, ఇంటివాళ్లు మూడు నెలలు బయట ఉండాలన్నాడు. కబురు హాస్టలువాళ్లకు చేరింది. ర్యాంకులు రావాల్సిన చోట ఇదేం గోలని వాళ్లు తప్పుకున్నారు. పొద్దుగూకేసరికి గుమ్మంలో ట్రాలీ ఆటో, దాని మీద బీరువా, గ్రైండరు, పక్కన దుప్పట్ల మూట పట్టుకుని ఏడుస్తున్న బసవపున్నయ్య భార్య శేషారత్నం.

నోరు మూసుకుంటే వాటా తనకే ఉంటుంది. ఆ సంగతి తెలిసీ మాణిక్యం, మెట్టుకోసారి ఆగుతూ, కిందికి దిగింది.

"అన్నయ్యగారూ, పొద్దున కూసింది గుడ్లగూబ కాదండీ. నేను."

"ఊరుకోండమ్మా. మమ్మల్ని ఓదార్చాలని నింద నెత్తినేసుకోకండి."

"ఒట్టండీ! పిల్ల చదువు కోసం కూశాను."

"మేమూ చదివాంగా ఇంటరు! మా చేత ఎవరూ కూయించలేదే?"

"అయితే వినండి," అని మాణిక్యం కొంగు బిగించి, నడివీధిలో నిలబడి కూసింది.

పక్కింటి మునగచెట్టు మీంచి ఒకటి బదులు పలికింది. ఎదురింటి సన్‌షేడు మీంచి ఇంకొకటి. చూస్తుండగానే అయిదు, గుప్పెడేసి పిట్టలు, పచ్చటి గుడ్లు మిటకరిస్తూ వచ్చి బీరువా మీద వరసగా వాలాయి. ఆటో డ్రైవరు ఏసుపాదం సందు చివరికి పరిగెత్తాడు.

"పొ... పొమ్మనండమ్మా!" అన్నాడు బసవపున్నయ్య గోడకు అతుక్కుపోయి.

"ఉష్! పొండే!" అంటూ మాణిక్యం కంగారుగా చెయ్యి విసిరింది. అయిదూ ఎగిరిపోయాయి.

బసవపున్నయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "రమ్మంటే వస్తున్నాయి, పొమ్మంటే పోతున్నాయి! మీరు వెళ్లిపోతే రేపు వాటికి చెప్పేదెవరమ్మా? ఒరే ఏసుపాదం, సామాను దించరా! మాణిక్యం గారూ, మీరు ఈ ఇల్లు కదలడానికి వీల్లేదు!"

మేడ మీద మనోజ్ఞ పుస్తకంలో 'అయిదు' అని రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే శేషారత్నం వడియాల పళ్లెంతో మేడెక్కి, కాకులకు కూడా ఓ మాట చెప్పమంది.