అంజూరకు సన్మానం

ఒక పెద్ద అడవిలో, అదీ ఎండాకాలంలోనూ చలి వదలని కొండమీది అడవిలో, ఎలుగుబంటి భద్రయ్య అధ్యక్షుడు. నన్ను గెలిపిస్తే ఈ కొండమీద అంజూరలు కాయిస్తాను, నోటికో పండు పెడతాను అని ఎన్నికల్లో ఊదరగొట్టాడు. పండు మొహం ఎరగని అడవి లొట్టలేసుకుంటూ గెలిపించింది.

కింద మైదానం నుంచి మొక్క తెప్పించారు. పదిమందికీ కనబడాలి కదా, అందుకని సభాస్థలి ముందు, పగలంతా కొండ నీడ పడేచోట నాటించాడు భద్రయ్య.

చలికాలం రాగానే మొక్క వడలింది. ఏదో ఒకటి కప్పాలి. ఇంతవరకూ బుద్ధిగల మాటే. కానీ ఆ అడవిలో ఒంటిమీద గుడ్డ కప్పితే అది సన్మానం. సన్మానమంటే సభ, సభంటే శాలువా.

శాలువాకు ఉన్ని గొర్రెలివ్వాలి. అప్పుడే ఈనిన గొర్రె పోలమ్మ అడ్డం తిరిగింది. నా ఒంటిమీది వెచ్చదనం మీరు కోసుకుపోతే నా పిల్లలు దేన్ని ఆనుకుని పడుకోవాలని అడిగింది. మొదటి పండ్లు నీ పిల్లలకేనని భద్రయ్య మాటిచ్చాడు. మాటిస్తూనే కత్తిరించుకుపోయారు. ఆ చలికాలమంతా పోలమ్మ పిల్లలు వణుకుతూ పండ్ల పేరు చెప్పుకుని పడుకున్నాయి.

భద్రయ్య మొదటి శాలువా కప్పి, పొద్దు వాలేదాకా మాట్లాడాడు. ప్రతిపక్షం తోడేలు తిరుపాలు ఊరుకుంటాడా? దానిమీద తనదొకటి కప్పాడు. కార్యదర్శి నక్క కప్పింది. కులసంఘాల కుందేళ్ళు కప్పాయి. చెట్టు కాస్తా మూటయింది. చలికి చావలేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

ఎండలొచ్చాయి. ఇక విప్పాలి. ఎవడు విప్పుతాడు? కప్పిన శాలువా తీస్తే కప్పినవాడి పరువు తీసినట్టే. ముందు అధ్యక్షుడిది తీస్తేనే నాది తీస్తానన్నాడు తిరుపాలు. అధ్యక్షుడిది అన్నిటికన్నా అడుగున ఉంది. అడుగుది ముందు తీసే ఉపాయం కనుక్కోమని గాడిదలతో కమిటీ వేశారు. కమిటీ మేసింది, ఓండ్రపెట్టింది, గడువు పెంచమంది. ఈలోగా మూటలోంచి కుళ్ళు కంపు మొదలైంది. పండు మాగుతున్న వాసనని నక్క ప్రకటించింది.

పోలమ్మ సభకొచ్చింది.

"అయ్యా, చెట్టుకు ఊపిరాడటంలేదు. విప్పండి."

"ఏమే పోలమ్మా, పెద్దలు కప్పింది విప్పమనడానికి నువ్వెవతివి?" అని గద్దించాడు భద్రయ్య.

"కప్పింది పెద్దలే. కప్పిన ఉన్ని మాత్రం నా తోలుమీదిది."

అని పళ్ళతో పట్టి ఒక్కొక్కటీ లాగేసింది. లోపల కొమ్మలు బూజుపట్టి నల్లబడ్డాయి. గింజంత కాయలు తాకకుండానే రాలిపోయాయి.

వెంటనే విచారణ. విప్పేదాకా చెట్టు బ్రహ్మాండంగా ఉందనడానికి అడవంతా సాక్ష్యం చెప్పింది. ఎవరూ చూడలేదు గనక ఎవరూ కాదనలేదు. విప్పాకే చచ్చింది, విప్పింది పోలమ్మ, కాబట్టి చంపింది పోలమ్మ. చచ్చిన చెట్టును కూకటివేళ్ళతో పెకలించి ఈడ్చుకుపోయి, పిల్లలతో సహా దక్షిణపు బండల్లో పడి ఉండమని శిక్ష వేశారు. భద్రయ్య సంతాపసభ పెట్టి, ఖాళీ గుంతకు శాలువా కప్పాడు.

దక్షిణపు బండలంటే పగలంతా ఎండ, వెనక గోడలాంటి రాయి, గాలి పోటు లేదు. పోలమ్మ మోడును ఒక రాతిసందులో పారేసింది. పైన చచ్చింది గానీ వేరు చావలేదు. వాన పడగానే చిగురేసింది. వేళ్ళకు చోటు చాలక ఆకుల జోరు తగ్గి, ఆ బలం కాయలకు మళ్ళి, రెండేళ్ళు తిరిగేసరికి కాపుకొచ్చింది.

పైన ఎన్నికలు జరిగాయి. భద్రయ్య ఓడాడు. గెలిచిన తిరుపాలు ఈసారి మామిడి కాయిస్తానన్నాడు.

పోలమ్మ చిన్నపిల్ల మూతినిండా పండు పులుముకుని గంతులేసింది.

"అమ్మా, పైకెళ్ళి అందరికీ చెప్పొస్తానే."

పోలమ్మ తోక పట్టి వెనక్కి లాగింది.

"నోరు మూసుకుని తిను. వాళ్ళకు తెలిస్తే మెచ్చుకుంటారు."

నీతి: చెట్టు బతకాలంటే ఎండా నీళ్ళూ చాలవు, అదెక్కడుందో పెద్దలకు తెలియకుండా కూడా ఉండాలి.