కప్పు కింద సముద్రం

డ్రెస్డెన్ తెలుగు సంఘం సభ్యులకు తెలియజేయునది ఏమనగా, ఈ మాఘమాసంలో సముద్రతీరాన ఒక రాత్రి బస ఏర్పాటైనది. ఇది జర్మన్లు కట్టిన సముద్రం, ఒక పెద్ద రేకుల షెడ్డులో ఉంటుంది. బయట మంచు కురుస్తున్నా లోపల ఉక్కపోస్తుంది. చలికోటు తలుపు దగ్గర వదిలి, ఇసుకలో గుడారం వేసుకోవచ్చు.

ఈ ప్రకటనకు అందరికన్నా సంతోషించింది శారదాదేవి. ఆవిడది బాపట్ల పక్క ఊరు. గాలి తిరిగితే సముద్రం హోరు వంటింట్లోకి వినిపించేది. అయినా ఒడ్డున ఏ రాత్రీ పడుకోలేదు. పెళ్లికి ముందు నాన్న వద్దన్నాడు. తర్వాత భర్త, నలుగురూ ఏమంటారన్నాడు. ఆయన పోయాక ఆ నలుగురే వచ్చి వద్దన్నారు. ఇప్పుడు కూతురు సంయుక్త దగ్గరికి వచ్చింది కనుక, ఆ ముచ్చట జర్మనీలో తీరబోతోంది. గుడారం కూడా సంయుక్త తల్లి పేరునే అద్దెకు తీసుకుంది.

ఈ సముద్రానికి నియమాలు చాలా ఉన్నాయి. పసుపుగీత దాటి గుడారం వేయరాదు. నిప్పు రాజేయరాదు. బయటి తిండి తేరాదు. జనం నిద్ర చెడకుండా రాత్రి పదింటికి అలలు ఆపేస్తారు. ఇవి చాలవని సంఘం అధ్యక్షులు కమలాకర్‌గారు ఎంతో శ్రమించి మరికొన్ని చేశారు. పెళ్లికాని కుర్రాళ్లు ఒక మూల, కుటుంబాలు ఒక మూల, పెద్ద ఆడవాళ్లు గోడవారన, మరుగుదొడ్డి పక్కన. వారి సౌకర్యార్థమే.

గంగమ్మకు కొట్టడానికి తెచ్చిన కొబ్బరికాయను కాపలా అమ్మాయి గేటు దగ్గరే ఆపింది.

"అది తిండి కాదు, దేవుడికి" అన్నారు కమలాకర్‌గారు.

"దేవుడికైనా బయటి తిండి కుదరదు" అంది ఆ అమ్మాయి.

లోపల కొబ్బరిచెట్లున్నాయి గానీ కాయలు ప్లాస్టిక్‌వి. చివరకు బ్యాటరీ దీపం వెలిగించి సభ మొదలుపెట్టారు. "ప్రకృతి ఒడిలో మన సంస్కృతిని చాటుదాం" అని అధ్యక్షులు గంటసేపు ప్రసంగించారు. ఈలోగా శారదాదేవి తన గుడారాన్ని నీళ్ల దగ్గరకు ఈడ్చుకుపోయింది.

"అమ్మా, మీకు గోడవారన కేటాయించాం కదా. ఒక్కరే నీళ్ల పక్కనా? అల్లుడుగారిని అడిగారా?"

"మీ ఉపన్యాసానికి నిద్రపోయాడు కమలాకర్‌గారూ. లేపమంటారా?"

ఆయన న్యాయం కోసం కాపలా అమ్మాయిని పిలిచారు.

"గుడారం ఈవిడ పేరునే ఉందిగా. గీతకు ఇవతల ఎక్కడైనా వేసుకోవచ్చు" అని ఆమె వెళ్లిపోయింది.

వ్యవహారం ఇంత తేలికగా తేలిపోయేసరికి, ఇందులో ఏదో అక్రమం ఉందని కమలాకర్‌గారికి అనుమానం కలిగింది. పదింటికి అలలు ఆగాయి. ఆయన గొణుగుడు ఆగలేదు. శారదాదేవి మాత్రం తడి ఇసుకలో చెయ్యి పెట్టుకుని తెల్లవార్లూ హాయిగా నిద్రపోయింది.

పొద్దున్నే సర్వసభ్య సమావేశం. జర్మన్లు మరచిపోయిన నియమం ఒకటి అధ్యక్షులు ప్రతిపాదించారు. ఇకమీదట ఒంటరి మహిళలు తమ ఇంటి మగవారి అంగీకారపత్రం తేవలెను.

"మా ఊరి నలుగురికీ ఇక్కడికి వీసా ఎవరిచ్చారే?" అని శారదాదేవి కూతుర్ని పైకే అడిగింది.

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే చేతులెత్తారు. శారదాదేవి చాప చుట్టుకుంటోంది గనుక, ఆవిడ చెయ్యి లేవలేదని ఎవరూ గమనించలేదు. తీర్మానం ఏకగ్రీవం.