తిరునాళ్లలో తప్పిపోయిన ఉంగరాల జుట్టు

మనవరాలికి పుట్టువెంట్రుకలు తీయించాలని తిరుపాల్, దాసమ్మ ధర్మవరంలో తొలి బస్సెక్కి, పొద్దున ఎనిమిదికల్లా పెనుకొండ దగ్గరి తిరునాళ్లకు చేరారు. మూడేళ్ల జోషితది ఉంగరాల జుట్టు. ఎంత గుంపులో ఉన్నా ఆ జుట్టును బట్టే తాత పట్టేసేవాడు. పోయిన నెల శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి, మగ్గంలో తెగిన పోగు కూడా ఆయన కంటపడకుండా పోవడం లేదు.

గుండు చేయించారు, గంధం పూశారు, కొత్త గౌను తొడిగారు. "నాకింకో పని ఉండాది. పాప చెయ్యి వదలాకు" అని చెప్పి దాసమ్మ గుంపులో కలిసింది.

"నా కండ్లు గప్పి చీమ గూడా పోదు!" అన్నాడు తిరుపాల్.

చెరకురసానికి చిల్లర తీయబోయి చెయ్యి వదిలాడు. తలెత్తేసరికి చుట్టూ గుండ్లే. ఉంగరాల జుట్టు ఒక్కటీ లేదు. గుండు చేయించిన సంగతి బుద్ధికి తెలుసు గానీ, కళ్లకు ఎవరూ చెప్పలేదు.

మైకు పందిరికి పరుగెత్తాడు. "ఉంగరాల జుట్టు పాపప్పా! నా పానం పోతాండాది, గట్టిగా సెప్పు!"

మైకు కొండప్ప గట్టిగానే చెప్పాడు. జనం ముగ్గురు ఉంగరాల జుట్టు పిల్లలను ఎత్తుకొచ్చారు. వెనకే వాళ్ల తల్లులు చెప్పులు చేతబట్టుకొని వచ్చారు.

ఆ గోలలో గంధపు గుండు పాప ఒకటి "తాతా!" అంటూ ఆయన పంచె లాగింది. నలిగిపోతుందని చంకనేసుకున్నాడు.

"మీ తాత యాడమ్మా?"

పాప ఆయన ముక్కు మీద వేలు పెట్టింది.

"ముసలోళ్లందరూ తాతలే వీళ్లకి!" అని కళ్లు తుడుచుకున్నాడు. "కొండప్పా, ఈ గుండు పాప సంగతి గూడా సెప్పు. దీని తాతెవడో బుద్ధి లేనోడు."

కాసేపటికి గుండుతో ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఈ పిల్ల నీదామ్మా? బాగా సూసుకోవద్దా!" అని తిరుపాల్ కసిరాడు.

"నాదే," అందామె. "నువ్వూ నాదే."

గొంతు దాసమ్మది.

"నీ కండ్లు బాగైతే తలనీలాలిస్తానని మొక్కుకుంటి. బాగానే కనిపిస్తాండాది నీకు!"

తిరుపాల్ ఏడుస్తూ నవ్వుతూ మనవరాలి గుండును ముద్దులతో తడిపేశాడు. పాప తాత చంకలోనే దొరికిందని కొండప్ప మైకులో మూడుసార్లు చెప్పాడు.

తిరుగు బస్సులో ఎంతమందని కండక్టర్ అడిగితే, తిరుపాల్ కళ్లను నమ్మకుండా, రెండు గుండ్లనూ తడిమి చూసి "ముగ్గురం" అన్నాడు.